మెడ అరిగిందన్నారా? రా చెల్లీ, కూర్చో

"మెడ ఎముకలు అరిగిపోయాయంట అక్కా" అని చెప్పేటప్పుడు మన ఆడవాళ్ళ గొంతు ఎందుకో తగ్గిపోతుంది. డాక్టరు ఎక్స్‌రేని వెలుతురుకి పెట్టి చూసి, "అరుగుదల ఉందమ్మా, బరువులు ఎత్తకు" అని రెండు ముక్కల్లో తేల్చేస్తారు. వరండాలోకి వచ్చాక మొదలవుతుంది మన మనసులో గాలివాన. అరిగింది అంటే ఇంకా అరుగుతూనే పోతుందా? చేతులు పడిపోతాయా? పిల్ల పెళ్ళి కూడా కాలేదే, మంచాన పడితే ఎట్లా? ఇంకా పెద్ద ప్రశ్న మిగిలే ఉంది. మన కడప జిల్లా చిలమకూరులో బండల పనికి పోయే ఆడమనిషిని బరువు ఎత్తొద్దంటే సాయంత్రం కూలి డబ్బులు ఎవరిస్తారు?

టీ చల్లారిపోతోంది, ముందు తాగు. ఒక్కో దిగులూ తీసి పక్కన పెట్టుకుంటూ పోదాం.

మన మెడలో ఉండేవి 7 పూసలు. (జిరాఫీ మెడలోనూ ఏడే అంటే నమ్ముతావా? కాకపోతే దాని పూసలు ఒక్కోటి జానెడుకి పైనే.) రెండో పూస నుంచి కిందికి, పూసకీ పూసకీ మధ్య మెత్తటి బిళ్ళ ఒకటి ఉంటుంది. డిస్క్ అనేది దాన్నే. చిన్న వయసులో అందులో నీరు నిండుగా ఉంటుంది. ముప్పై దాటినప్పటి నుంచి ఆ నీరు కొద్దికొద్దిగా ఆరిపోతూ వస్తుంది. బిళ్ళ పలచబడుతుంది, పూసలు దగ్గరికి జరుగుతాయి, వాటి అంచుల్లో ఎముక చిన్న చిన్న ముళ్ళుగా పెరుగుతుంది. ఈ తతంగం మొత్తానికి డాక్టర్లు పెట్టిన పేరు సర్వైకల్ స్పాండిలోసిస్. నీ రిపోర్టులో సీ5–సీ6 అనో, సీ6–సీ7 అనో రాసి ఉంటుంది చూడు. మెడ కింది భాగంలో ఉండే ఆ పూసల దగ్గరే కదలికలూ, వాటిమీద పడే ఒత్తిడీ ఎక్కువ కాబట్టి అందరికీ ముందు మారేది అక్కడే.

అందరికీ అన్నానా? ఆ మాట కావాలనే అన్నాను. అరవై దాటినవాళ్ళని వరసగా నిలబెట్టి ఎక్స్‌రే తీస్తే, పది మందిలో ఎనిమిది తొమ్మిది మంది మెడల్లో ఈ మార్పులు కనబడతాయి. వాళ్ళలో చాలామందికి ఒక్కరోజు కూడా మెడ నొప్పి వచ్చి ఉండదు. తల నెరిసినట్టే ఇదీను. కొందరికి నలభైలోనే వస్తుంది, కొందరికి ఆలస్యంగా వస్తుంది, రావడం మాత్రం వస్తుంది. కాబట్టి "నీ మెడ అరిగింది" అన్న ఒక్క మాటకే కుంగిపోవాల్సిన పని లేదు. ఎక్స్‌రే ఎముక ఆకారం చూపిస్తుంది, నొప్పిని చూపించలేదు. చాలాసార్లు మనల్ని బాధపెట్టేది ఎముక ముళ్ళకంటే, అలసిపోయి బిగుసుకుపోయిన మెడ కండరాలు. కండరాన్ని మాత్రం మనం బాగుచేసుకోగలం. అసలు ఈ కబుర్లన్నీ అందుకే.

మరి మన వైపు మెడలు ఎందుకింత అలసిపోతాయి? ఎర్రగుంట్ల మండలం చూడు. ఒకపక్క చిలమకూరు సిమెంటు ఫ్యాక్టరీ, ఇంకోపక్క నాపరాయి గనులు, రోడ్డు వారనే బండల పాలిష్ ఫ్యాక్టరీలు. కడప బండ అని ఊరూరా ఇళ్ళల్లో పరుచుకుంటారే, అందులో ఎంతో భాగం ఈ నేల నుంచి పోయిందే. ఈ మండలంలోనే కలమళ్ళలో 575 నాటి తెలుగు శాసనం దొరికింది, అదీ రాతి మీదే. రాయితో మనకి అంత పాత చుట్టరికం. రెండడుగుల చదరం బండ, అంగుళం మందం ఉంటే, దగ్గర దగ్గర 25 కిలోలు తూగుతుంది. సిమెంటు మూట 50 కిలోలు. నీళ్ళ బిందె 15 కిలోలు. ఇవన్నీ ఎక్కువసార్లు ఎక్కి కూర్చునేది మన తలమీదా, భుజంమీదా. చేను చూసుకునేవాళ్ళకి గడ్డి మోపు, శెనక్కాయ మూట. పులివెందుల వైపు అయితే అరటి గెలలు, చీనీ గంపలు. ఇంటికి రాగానే మళ్ళీ బిందె. మెడ అయినా ఎంతకని ఓర్చుకుంటుంది చెప్పు?

తలమీద బరువులు మోసే పని మన ఒక్కరిదే అనుకోకు. ఆఫ్రికాలో కాంగో దేశంలో కట్టెల మోపులు తలమీద మోసేవాళ్ళ మెడలని డాక్టర్లు ఎక్స్‌రే తీసి చూస్తే, మోయనివాళ్ళకంటే మోసేవాళ్ళలో పూసల అరుగుదల ఎక్కువగా కనబడింది. ఇది విని భయపడమని కాదు. బండ మోసినవాళ్ళంతా మంచాన పడరు. పని మానేయమని చెప్పే ధైర్యం నాకు లేదు, ఆ సలహా ఇచ్చేవాళ్ళు పొయ్యి మీద కుండ ఎట్లా ఎక్కుతుందో కూడా చెప్పాలి. మనం చేయగలిగింది, మోసే తీరు మార్చుకోవడం.

ఎట్లా అంటావా? బరువు తలకెత్తేటప్పుడూ దించేటప్పుడూ ఇంకొకరి చేయి పడాలి. మెడ దెబ్బతినేది ఎక్కువగా ఆ ఎత్తే క్షణంలో, దించే క్షణంలోనే. మోపు నెత్తిన ఉండగా ఎవరో పిలిచారని మెడ ఒక్కటే తిప్పొద్దు, పాదాలతో సహా మనిషి మొత్తం తిరుగు. ఒక్కసారిగా పెద్ద మూట మోసేబదులు రెండుగా చేసి రెండు సార్లు నడువు. కాలు అరిగినా పర్వాలేదు, అది మెడకంటే గట్టిది. నీళ్ళకి పెద్ద బిందె మానేసి రెండు చేతులకీ రెండు చిన్న క్యాన్లు పెట్టుకుంటే భుజాలు సమానంగా ఉంటాయి. ఇంట్లో సైకిలుందా? క్యాన్లు దానికి తగిలించి నెట్టుకురా. మగవాళ్ళు పాల క్యాన్లు సైకిలుకి కట్టుకుంటే బుద్ధిమంతులూ, మనం నీళ్ళు కట్టుకుంటే సుకుమారులమా ఏంటి? బండల దగ్గర తోపుడు బండి ఉంటే సిగ్గుపడకుండా అడుగు. నలుగురూ కలిసి అడిగితే మేస్త్రీకి కాదనడం కష్టం.

బరువు మోయనివాళ్ళు "హమ్మయ్య, మనకి లేదులే" అనుకోవద్దు. వంగి చూసే పనులు ఇంకో రకం. ప్రొద్దుటూరు బంగారు అంగళ్ళ వెనకాల నగ చేసేవాళ్ళు పొద్దస్తమానం తల వంచుకునే ఉంటారు. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు వైపు మగ్గం గుంటలో కూర్చుని నేసేవాళ్ళవీ అవే పాట్లు. ఇంట్లో జాకెట్లు కుట్టే చెల్లి, విత్తనానికి శెనక్కాయలు ఒలిచే పెద్దమ్మ, చాట ముందేసుకుని బియ్యంలో రాళ్ళు ఏరే అత్తమ్మ, ఫోను ఒళ్ళో పెట్టుకుని సీరియల్ చూసే మనమందరం. మన తల బరువు ఐదు కిలోల దాకా ఉంటుంది. నిటారుగా ఉన్నంతసేపూ మెడ ఆ ఐదే మోస్తుంది. 2014లో ఒక అమెరికా డాక్టరు కంప్యూటర్ నమూనాతో లెక్కగట్టి చెప్పింది ఏమిటంటే, తల బాగా ముందుకు, అంటే 60 డిగ్రీలు వంచితే మెడ మీద పడే భారం 27 కిలోల దాకా పెరుగుతుందని. కంప్యూటర్ లెక్కే కావచ్చు. అయినా ఒళ్ళో ఫోను చూసుకుంటూ మనం కూర్చునేది సుమారు అదే వంపులో. బండ మోయకుండానే ఒక బండ మోసినట్టు లెక్క.

దీనికి మందు సులువైనదే. పని మన కళ్ళ దగ్గరికి రావాలి, కళ్ళు పని దగ్గరికి దిగకూడదు. చాటని నేలమీద పెట్టుకోకుండా పీట మీదో, చిన్న బల్ల మీదో పెట్టుకో. కుట్టు మిషన్ ముందు కుర్చీ ఎత్తు సరిచూసుకో, మిషన్ మరీ కిందికి ఉంటే దాని కాళ్ళ కింద ఇటుకలు పెట్టి లేపించు. లైటు బాగా వేసుకో. చీకట్లో సూదిలో దారం ఎక్కించే ప్రయత్నంలోనే మెడ సగం వంగిపోతుంది. నలభై దాటిందా? కళ్ళజోడు పరీక్ష చేయించుకో. ఎంతమంది చూపు ఆనక మెడ ముందుకు చాపి చాపి నొప్పి తెచ్చుకుంటున్నారో! ఇక ఏ పనైనా సరే, అరగంటకోసారి లేచి నాలుగడుగులు వేసి, భుజాలు వెనక్కి తిప్పి మళ్ళీ కూర్చో. ఫోను మాత్రం చేత్తో పైకెత్తి చూడు. చేయి నొప్పెట్టి ఐదు నిమిషాలకే పక్కన పెట్టేస్తావు, అదీ ఒక లాభమే.

ఒక మాట మెల్లిగా అడుగుతాను. నొప్పి అని ఇంట్లో చెప్పావా? "పని ఎగ్గొట్టడానికి సాకు" అంటారేమోనని మింగేసుకుంటున్నావు కదూ? మెడ నొప్పితో ఇదొక చిక్కు. కట్టు ఉండదు, వాపు ఉండదు, ఎదుటివాళ్ళకి ఏమీ కనబడదు. నొప్పి వల్ల నిద్ర పట్టదు, నిద్ర లేక చిరాకు, చిరాకులో భుజాలు బిగుసుకుని నొప్పి ఇంకాస్త. ఈ గుండ్రంలో తిరుగుతూ ఏడ్చుకునే చెల్లెళ్ళు నాకు తెలుసు. మీ ఆయన్ని కూర్చోబెట్టి నోరు తెరిచి చెప్పు. "ఒక నెల బిందెలు నువ్వు దించు, సిలిండరు నువ్వు జరుపు" అని పని పేరు పెట్టి అడుగు. ఉత్తినే "నాకు బాలేదు" అంటే వాళ్ళకి ఏం చేయాలో తోచదు పాపం. చేయాలనే ఉంటుంది, చెప్పకపోతే తెలియదు. పనిలో పనిగా బీడీ, సిగరెట్టు సంగతి కూడా ఎత్తు. పొగ తాగేవాళ్ళ డిస్కులు త్వరగా ఎండిపోతాయి. రేపు వాళ్ళ మెడకీ ఈ ముచ్చటే వస్తుంది.

రాత్రి దిండు దగ్గరికి వద్దాం. రెండు దిండ్లు వేసుకుని, టీవీ వైపు తల ఎత్తి పడుకునే అలవాటు ఈ రాత్రికే మానేద్దాం. అట్లాగని దిండే తీసేసి చదునుగా పడుకోనక్కర్లేదు, అది ఎవరు చెప్పారో గానీ చాలామంది పాటిస్తున్నారు. ఒకే ఒక దిండు, మరీ గట్టిది కాకుండా, తల పక్కకి వాలకుండా మెడ వంపుని నింపేంత ఎత్తు ఉంటే చాలు. పక్కకి తిరిగి పడుకునేవాళ్ళకి భుజం మందాన దిండు కావాలి. దిండు గలీబులో మెడ కిందికి వచ్చేవైపు చిన్న తువ్వాలు చుట్టి పెట్టి చూడు, ఖరీదైన దిండు కొనాల్సిన పని తప్పుతుంది. బోర్లా పడుకోవడం మాత్రం వద్దు. అట్లా పడుకుంటే రాత్రంతా మెడ ఒకవైపే తిరిగి ఉంటుంది.

పొద్దున్నే మెడ పట్టేసి కదలనివ్వని రోజులు వస్తాయి. అప్పుడు కంగారు పడకు. వేడి నీళ్ళలో తువ్వాలు ముంచి పిండి, పదీ పదిహేను నిమిషాలు కాపడం పెట్టు. షుగరు ఉండి చర్మానికి స్పర్శ సరిగా తెలియనివాళ్ళు వేడి తగ్గించుకోవాలి, కాలినా తెలియదు. రెండు మూడు రోజులు బరువులు ఆపి, మామూలు పనులు మెల్లిగా చేసుకో. నెలల తరబడి మంచం పట్టుకుంటే కండరం ఇంకా బలహీనపడుతుంది. మెడకి కట్టే కాలర్ సంగతీ అంతే. నొప్పి తీవ్రంగా ఉన్న కొన్నాళ్ళకే అది. ఏడాదంతా పెట్టుకు తిరిగితే మెడ తన పని తాను మర్చిపోతుంది. ఇట్లాంటి నొప్పి చాలామందికి కొన్ని వారాల్లో తగ్గుముఖం పడుతుంది.

తగ్గాక అందరం చేసే తప్పొకటుంది. నొప్పి పోయింది కదా అని వ్యాయామం ఊసెత్తం. ఇప్పుడు చెప్పేవి రోజూ పళ్ళు తోముకున్నాక చేసేయ్, పది నిమిషాల పని. గోడకి వీపు ఆనించి నిలబడి, తల వంచకుండా గడ్డాన్ని వెనక్కి లాక్కో, ఐదు అంకెలు లెక్కపెట్టి వదులు. పది సార్లు. తర్వాత అరచేయి నుదుటికి ఆనించి, తలని ముందుకు నెట్టు, చేయి ఆపాలి, తల కదలకూడదు. అట్లాగే తల వెనక, కుడి చెంప మీద, ఎడమ చెంప మీద, ఒక్కోవైపు ఐదేసి అంకెలు. ఆపైన భుజాలు వెనక్కి లాగి వీపు మీది రెక్క ఎముకలు రెండూ దగ్గరికి తెచ్చి వదులు. చివర్లో మెడని మెల్లిగా కుడికీ ఎడమకీ తిప్పు, ఎంతదాకా హాయిగా పోతుందో అంతదాకానే. తలని గుండ్రంగా గిరగిరా తిప్పడం వద్దు. చేస్తుంటే చేతిలోకి జిల్లుమని నొప్పి పాకితే ఆపేసి డాక్టరుకో, ఫిజియోథెరపీ వాళ్ళకో చూపించుకో. నెలా, నెలన్నర ఓపిక పట్టాలి, మూడో రోజుకే "ఏం లాభం లేదక్కా" అని నా మీదకి రాకు.

ఇప్పుడు కాస్త గట్టిగా చెప్పాలి, కోపం తెచ్చుకోకు. మెడని ఎవరిచేతా టక్కున విరిపించుకోవద్దు. క్షవరం చేయించుకున్నాక మెడ పట్టి రెండువైపులా టకటకా తిప్పించుకోవడం మగవాళ్ళకి సరదా. మెదడుకి నెత్తురు మోసే రక్తనాళాలు రెండు మెడ పూసల్లోని కన్నాల గుండానే పైకి పోతాయి. ఆ విరుపులో రక్తనాళం లోపలి పొర చిరిగితే పక్షవాతం రావచ్చు. అరుదే, అయినా సరదాకి అంత ఖరీదా? ఇంట్లో నూనె రాసి మెత్తగా మర్దన చేసుకుంటే ఎవరూ వద్దనరు. వాతలు పెట్టించుకోవడం, పేరూ ఊరూ లేని పొట్లం పొడులు మింగడం వద్దే వద్దు. అట్లాంటి కొన్నిటిలో స్టెరాయిడ్ కలిపి ఇస్తారు. వారంలో నొప్పి మాయమైనట్టే ఉంటుంది, తర్వాత షుగరు పెరుగుతుంది, ఎముకలు గుల్లబారతాయి. మందుల అంగట్లో చీటీ లేకుండా కొనుక్కుని నెలల తరబడి డైక్లోఫినాక్ మాత్రలు వేసుకునేవాళ్ళు కూడా ఆలోచించాలి. మెడ సంగతి సరే, ఆ మాత్రలు కడుపులో పుండ్లు చేస్తాయి, కిడ్నీలని దెబ్బతీస్తాయి. బీపీ, షుగరు ఉన్నవాళ్ళకి ప్రమాదం ఇంకా ఎక్కువ.

పులివెందుల వైపు చెల్లెళ్ళతో నీళ్ళ గురించి ఒక ముచ్చట. ఆ చుట్టుపక్కల కొన్ని ఊళ్ళ బోరు నీళ్ళలో ఫ్లోరైడ్ ఎక్కువని పరీక్షల్లో తేలింది. మన తెలుగు నేలకి ఇది కొత్త జబ్బు కాదు. అప్పట్లో నెల్లూరు జిల్లాలో ఉండి, తర్వాత ప్రకాశంలో చేరిన పొదిలి, దర్శి, కనిగిరి ప్రాంతాల్లో జనం నడుములు, మెడలు కొయ్యబారిపోవడం చూసి, 1937లోనే డాక్టర్లు దాని మీద రాశారు. ఏళ్ళ తరబడి ఆ నీళ్ళు తాగితే పూసలని పట్టి ఉంచే మెత్తటి కట్లు కూడా ఎముకగా గట్టిపడతాయి, లోపల వెన్నుపాముకి చోటు తగ్గిపోతుంది. అక్కడ మెడ బిగుసుకుంటే వయసు మీద తోసేయకుండా నీళ్ళని అనుమానించాలి. లీటరుకి 1.5 మిల్లీగ్రాములు దాటితే తాగడానికి పనికిరావు. గ్రామీణ నీటి సరఫరా వాళ్ళ ల్యాబులో పరీక్ష చేయించండి. కాచితే ఫ్లోరైడ్ పోదు, నీరు ఆవిరై ఇంకాస్త చిక్కబడుతుంది. తాగడానికీ వంటకీ శుద్ధిచేసిన నీళ్ళే వాడండి, పాలు, పెరుగు, రాగి సంగటి మానొద్దు. టీ ఆకులోనూ ఫ్లోరైడ్ ఉంటుంది, కాబట్టి ఆ ఊళ్ళవాళ్ళు రోజుకి ఆరేడు గ్లాసులు తాగొద్దు. మన చేతిలో ఉన్న ఈ ఒక్క గ్లాసుకి ఢోకా లేదు, తాగేయ్.

చేతులు తిమ్మిరెక్కుతున్నాయా? మన వైపు మాటలో జోము పడుతున్నాయా? ఏ వేళ్ళు అన్నది గమనించి డాక్టరుకి చెప్పు. మెడలోంచి చేతిలోకి వచ్చే నరం ఎక్కడ నొక్కుకుందో వేళ్ళే చెప్తాయి. బొటనవేలు, చూపుడువేలు అయితే ఒక నరం, నడిమివేలు అయితే ఇంకోటి, చిటికెనవేలి వైపు అయితే మరోటి. కాకపోతే ప్రతి తిమ్మిరీ మెడది కాదు. అర్ధరాత్రి చేయి మొద్దుబారి లేచి విదిలించుకుంటే తగ్గుతుందా? అది మణికట్టు దగ్గర నరం నొక్కుకోవడం కావచ్చు. రెండు పాదాలూ మండుతుంటే షుగరు చూపించుకోవాలి, బీ12 విటమిన్ కూడా చూపించుకోవాలి. చేయి పైకి లేవక జడ వేసుకోలేకపోతే తప్పు భుజంలో ఉండొచ్చు. తల తిరిగితే చాలు "మెడ ఎముక వల్లే" అనేస్తారు, చాలాసార్లు కారణం చెవిలోనో, బీపీలోనో, రక్తం తక్కువ కావడంలోనో దొరుకుతుంది. గుండె బరువెక్కి, చెమటలు పోసి, ఎడమచేయి లాగితే మాత్రం మెడ అనుకుని కాపడం పెట్టుకుంటూ కూర్చోవద్దు. వెంటనే 108.

ఇన్ని ధైర్యాలు చెప్పిన నేనే ఒక్కదానికి మాత్రం భయపడమంటాను. ఎముక ముళ్ళూ, ఉబ్బిన డిస్కూ కలిసి వెన్నుపాముని నొక్కితే వచ్చే కష్టం అది. యాభై ఐదు దాటినవాళ్ళలో వెన్నుపాము దెబ్బతినడానికి అన్నిటికంటే పెద్ద కారణం ఇదే. చిత్రమేంటంటే, దీనికి నొప్పి పెద్దగా ఉండకపోవచ్చు. అందుకే ఎవరూ పట్టించుకోరు. జాకెట్టు హుక్కులు పెట్టుకోవడానికి వేళ్ళు తడబడతాయి. ముగ్గు గీత వంకర పోతుంది. అన్నం కలిపి ముద్ద చేయడం కుదరదు. చెప్పు కాలినుంచి జారిపోయినా తెలియదు. నడుస్తుంటే కాళ్ళు బిగదీసినట్టు, తూలినట్టు ఉంటాయి. మెడ వంచగానే వీపులో కరెంటు పాకినట్టు జిల్లుమంటుంది. మూత్రం ఆపుకోలేకపోవడమో, రాకపోవడమో మొదలవుతుంది. ఇంట్లో అవ్వకి ఇవి కనబడితే "వయసైపోయింది, చేతులు వణుకుతున్నాయి" అనేస్తాం. అట్లా అనుకుంటూ ఏళ్ళు గడిపేయడం మన దగ్గరే కాదు, పెద్ద పెద్ద దేశాల్లోనూ జరుగుతోంది.

ఇంట్లోనే చూసుకునే చిన్న పరీక్ష ఉంది. చేయి ముందుకు చాపి, గుప్పిట గబగబా మూసి తెరువు. పది సెకన్లలో ఆరోగ్యంగా ఉన్న చేయి ఇరవై సార్లకి పైగా చేయగలదు. బాగా తక్కువ వచ్చినా, వేళ్ళు పూర్తిగా తెరుచుకోకపోయినా అనుమానించాలి. ఒక కాలి మడమకి ఇంకో కాలి వేళ్ళు ఆనించి తాడు మీద నడిచినట్టు పది అడుగులు వేసి చూడు, పక్కన ఎవరైనా ఉండగా. ఇవి జబ్బుని తేల్చవు, డాక్టరు దగ్గరికి పోవాలా వద్దా అన్నది తేలుస్తాయి. తేల్చేది ఎమ్మారై. వెన్నుపాము నిజంగా నలుగుతుంటే ఆపరేషన్ మాట వస్తుంది. "మెడకి ఆపరేషనా, మంచాన పడతారు" అని చుట్టుపక్కలవాళ్ళు హడలగొడతారు. ఏ ఆపరేషన్‌కైనా ప్రమాదం కొంత ఉంటుంది, నిజమే. కానీ ఈ స్థితిలో ఆపరేషన్ ముఖ్యంగా చేసేది ఉన్న బలం ఇంకా పోకుండా ఆపడం. పోయిన బలం పూర్తిగా తిరిగి రాకపోవచ్చు. అందుకే ముందుగా పోయినవాళ్ళకే ఎక్కువ మిగులుతుంది. మెడ నొప్పితో పాటు జ్వరం, కారణం లేకుండా బరువు తగ్గడం, రాత్రిళ్ళు నిద్ర పట్టనివ్వని నొప్పి, కిందపడ్డాక వచ్చిన నొప్పి, వీటికీ ఆలస్యం పనికిరాదు.

ఎక్కడికి పోవాలి అంటావు. ముందు ప్రొద్దుటూరు జిల్లా ఆసుపత్రిలో ఎముకల డాక్టరుకి చూపించు. జమ్మలమడుగు నుంచి, చిలమకూరు నుంచి అది దగ్గర. అక్కడ పెద్ద పరీక్ష కావాలంటే కడప రిమ్స్. నరాల ఆపరేషన్ దాకా వస్తే తిరుపతిలో స్విమ్స్ ఉంది, ఎముకలకి దేవస్థానం వాళ్ళ బర్డ్ ఆసుపత్రి ఉంది, ఎర్రగుంట్లలో రైలెక్కితే తిరుపతి పోవచ్చు. మనం ఆరోగ్యశ్రీ అనే అలవాటున్న పథకం ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ పేరుతో నడుస్తోంది. ఆసుపత్రిలో అడుగుపెట్టగానే వైద్యమిత్ర కౌంటర్ దగ్గర నీ జబ్బుకి వర్తిస్తుందా లేదా అడుగు, డబ్బు కట్టేశాక అడగొద్దు. ఆధారు, రేషను కార్డు, పాత ఎక్స్‌రేలు, ఇప్పుడు వేసుకుంటున్న మాత్రల అట్టలు ఒక సంచిలో పెట్టుకో. ఏ వేళ్ళు తిమ్మిరి, ఎన్నాళ్ళ నుంచి, ఏ పని చేస్తే పెరుగుతుంది అన్నవి కాగితం మీద రాసుకుని పో, అక్కడ కంగారులో సగం మర్చిపోతాం.

గుప్పిట పరీక్ష ఈ రాత్రికే చేసుకో, అవ్వ చేత కూడా చేయించు. అనుమానం వస్తే కోతలు అయ్యాక చూద్దాం, పండగ అయ్యాక చూద్దాం అనకుండా ఈ వారంలోనే ప్రొద్దుటూరు పో, తోడుగా ఇంట్లో ఒకరిని వెంటబెట్టుకుని పో.